పచ్చరంగు పూసిన పెట్రోలు గొట్టం

మిలిటరీ బండి ట్యాంకు నిండుగా పెట్రోలు పోయించిన మర్నాడు పొద్దున, షెడ్డు రేకు తలుపు తీయగానే వాసన వచ్చింది.

పెట్రోలు బండి ఉన్నచోట పెట్రోలు వాసన రావడంలో వింతేమీ లేదు. ముందురోజు నింపేటప్పుడు మూత దగ్గర కాస్త ఒలికి ఉంటుందిలే అనుకున్నాను. తలుపు బార్లా తెరిచిపెట్టి రోడ్డు మీదికి పోయి టీ తాగి వచ్చాను. వాసన పోయింది. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. తలుపు మూసి, అరగంట ఆగి, మళ్ళీ తీశాను. మళ్ళీ వచ్చింది.

ఆ రోజు ఆగస్టు పన్నెండు. పద్నాలుగున బండికి పూజ. పదిహేనున జెండా పండుగకి ఆ బండి వెనక పదకొండుమంది ముసలి సైనికులు కూర్చుని అనంతపురం పోవాలి. వాళ్ళ కాళ్ళ కింద, చెక్కల అడుగున, నేను వేసిన పెట్రోలు లైను ఉంది.

నాది గార్లదిన్నె దగ్గర రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. ట్రాక్టర్లు, మందు కొట్టే స్ప్రేయర్లు, నీళ్ళ ఇంజన్లు బాగు చేస్తాను. పదో తరగతి తప్పినవాణ్ణి. బడి ఆగింది కానీ చదవడం ఆగలేదు. వారానికి ఒకసారి సామాన్ల కోసం అనంతపురం పోతే, సామాన్లు కొనడానికి గంట, గ్రంథాలయంలో మూడు గంటలు. అక్కడ మోటారు బండ్ల మీద ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది. అట్ట ఊడి, నూలుదారంతో కుట్టి ఉంటుంది. పక్కన నిఘంటువు పెట్టుకుని దాన్ని రెండేళ్ళు చదివాను. ఒక్కో పేజీకి ఒక్కో రోజు పట్టిన సందర్భాలున్నాయి. బొమ్మలన్నీ నోటుబుక్కులో గీసుకున్నాను. మా చుట్టుపక్కల మెకానిక్కులు ఎవరూ చదవని పుస్తకం నేను చదివానన్న గర్వం నాకు ఉండేది. ఇప్పటికీ లేదని చెప్పను.

బండి మా ఊరి మిలిటరీ మామది. సొంత మేనమామ కాదు. ఊళ్ళో సగంమందికి ఆయన మామే. సైన్యంలో ఇరవై ఏళ్ళకు పైగా డ్రైవరుగా చేశాడు. మంచు కొండల దారుల్లో ఇదే రకం పెట్రోలు లారీని తోలాడట. పదవీ విరమణ తర్వాత సైన్యం పాత బండ్లను వేలం వేస్తున్నారని తెలిసి బెంగళూరు పోయి ఇది కొనుక్కొచ్చాడు. కరువు సంవత్సరాల్లో దాని మీద డ్రమ్ములు పెట్టి పల్లెలకు నీళ్ళు తోలాడు. పెట్రోలు తాగుడు భరించలేక దానికి డీజిల్ ఇంజను బిగించాడు. కొన్నేళ్ళకు ఆ ఇంజనూ పోయింది. ఆ తర్వాత బండి గడ్డివామి పక్కన నిలబడిపోయింది. కోళ్ళు సీటు కింద గుడ్లు పెట్టుకునేవి.

పోయిన ఏడాది ఆయన నా షెడ్డుకు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"అల్లుడా, దాన్ని మళ్ళా లేపల్ల. పెట్రోలు ఇంజనుతోనే. ఎట్లుండెనో అట్లే. నాతో మిలిటరీలో చేసినోళ్ళు ఇప్పటికే ఇద్దరు పోయినారు. మిగిలినోళ్ళ నడుముల్లో బలం ఉండంగానే, ఒక్కసారి అందరం దాని ఎనక కూర్చోని జెండా పండగకు పోవల్ల."

"నేను చేస్తా మామా," అన్నాను. ఆలోచించకుండానే అన్నాను.

ఇంజను దొరికింది. పాత సామాన్ల గుట్టలో దొరికినదాన్ని విప్పి బాగు చేయడం నాకు తెలిసిన పనే. తెలియనిది పెట్రోలు లైను. డీజిల్ పెట్టినప్పుడు అసలు పైపులన్నీ పీకేశారు. ట్యాంకు తుప్పు పట్టి జల్లెడైంది. ట్యాంకు నుంచి ఇంజను పక్కనుండే పంపు వరకు, పంపు నుంచి కార్బురేటరు వరకు మొత్తం కొత్తగా వేయాలి. ఎటు నుంచి పోవాలి, ఎంత లావుండాలి, ఎక్కడ వంచాలి, చూసి చేయడానికి ఇంకో బండి లేదు.

మొదటిసారి నేను వేసిన లైను మే నెల ఎండలో రైల్వే గేటు దగ్గర చేతులెత్తేసింది. ఇంజను రెండుసార్లు ముక్కి ఆగిపోయింది. మిలిటరీ మామ దిగి, గోనెపట్ట తడిపి పంపు మీద కప్పాడు. పది నిమిషాలకు బండి కదిలింది.

"గాలి పట్టింది," అన్నాడు.

"గాలి కాదు మామా. పైపులోనే పెట్రోలు ఉడికి ఆవిరైంది. పంపు ఆవిరిని లాగలేదు," అన్నాను.

"ఏదైతేనేమప్పా, గోనెపట్టకు ఆ తేడా తెలీదు కదా," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. దారి పొడవునా గోనెపట్ట తడుపుకుంటూ పోయే బండిని నేను బాగుచేశానని ఎలా చెప్పుకుంటాను? షెడ్డుకు రాగానే లైనంతా విప్పేశాను. పుస్తకంలో ఉన్నట్టు మొదటి నుంచి వేశాను. పైపు వేడి సైలెన్సరు ఉన్న వైపు నుంచి పోతుండేది. దాన్ని బండి అడుగు చట్రానికి, అంటే చాసిస్‌కు, రెండో వైపు మార్చాను. ఇంతకు ముందు రాగి పైపు వాడాను, వంచడం సులభమని. రాగి అదురుకు గట్టిపడి పగులుతుందని చదివి ఇనుప గొట్టం తెచ్చాను. ఎక్కడా గూని లేకుండా వంచాను, ఆవిరి చేరి నిలవడానికి చోటుండకూడదని. జానెడుకొక క్లిప్పు, క్లిప్పుకూ గొట్టానికీ మధ్య రబ్బరు ముక్క. ట్యాంకు కింద ఒక కొళాయి, అవసరమైతే మూసేయడానికి. కొత్త ట్యాంకు పాతదానికన్నా నాలుగు వేళ్ళు ఎత్తుగా కట్టించాము, ఒకసారి నింపితే అనంతపురం పోయి రావడానికి చాలాలని.

ఇక మిగిలింది చాసిస్ నుంచి పంపుకు పోయే రెండడుగుల ముక్క. ఇంజను ఊగుతుంది, చాసిస్ ఊగదు. అందుకని ఆ రెంటి మధ్య ఇనుము పనికిరాదు, మెత్తటి రబ్బరు గొట్టం ఉండాలి. పైన నూలు అల్లిక ఉన్న గొట్టం వేయాలని పుస్తకంలో ఉంది, బొమ్మ కూడా ఉంది. అనంతపురంలో నేనెప్పుడూ సామాన్లు కొనే భాయ్ అంగడికి పోయి అడిగాను. ఆయన అటక ఎక్కి, దుమ్ము దులిపి, ఒక చుట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉంది.

"ఉండాది కానీ ఇది నీకు వద్దప్పా," అన్నాడు భాయ్. "మా నాయన కాలం సరుకు. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుపుతాండారు కదా. ఈ రబ్బరు దాన్ని తట్టుకోదు, మెత్తబడిపోతాది. ఈ నల్లది తీస్కపో. కొత్త బండ్లకంతా ఇదే."

నల్లది ప్లాస్టిక్ మెరుపుతో ఉంది. మిలిటరీ బండికి అది పెడితే చూసినవాళ్ళు ఏమంటారు?

"పుస్తకంలో నూలు అల్లికదే వేయమని రాసినారు భాయ్."

"ఆ పుస్తకం రాసినాయప్ప ఏ బంకులో పోయించుకున్యాడో కనుక్కున్నావా?"

అంగట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు చెవులు కాలాయి.

"నువ్వు సామాను అమ్ము భాయ్. చదివేది నాకు ఇడ్చిపెట్టు," అన్నాను.

ఆయన మొహంలో నవ్వు పోయింది. రెండడుగులు కోసి కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఆ పుస్తకం నేను పుట్టక ముందు అచ్చయింది. అది నాకు తెలుసు కూడా. తెలిసినా లెక్కలోకి తీసుకోలేదు. అచ్చులో ఉన్నది పాతబడుతుందని నాకు అంతవరకు తోచలేదు.

మే నెలాఖరులో అదే ఎండలో, అదే రైల్వే గేటు దాటి ఇరవై కిలోమీటర్లు తోలాము. బండి ఒక్కసారి కూడా ముక్కలేదు. మిలిటరీ మామ గోనెపట్ట తీసి రోడ్డు పక్కకు విసిరేశాడు. "నా అల్లుడు చదువుకున్నోడప్పా," అని కనపడిన ప్రతివాడికీ చెప్పాడు. జూన్, జూలైలో బాడీ పని, రంగుల పని. ట్యాంకులో అయిదు లీటర్లు మాత్రం ఉంచి, అప్పుడప్పుడు ఇంజను తిప్పుతూ ఉన్నాను. రంగు వేసేటప్పుడు ఆ నూలు గొట్టం మాసిన తెలుపుగా కనిపిస్తోందని దానికి కూడా మిలిటరీ పచ్చరంగు పూశాను. రెండు పూతలు. చాలా అందంగా వచ్చింది.

ఆగస్టు పన్నెండున వాసన వచ్చినప్పుడు నేను ఆ గొట్టాన్ని అనుమానించలేదు. బిగింపులను అనుమానించాను. ఒక్కొక్క బిగింపు మీద వేలు పెట్టి చూశాను. పొడిగా ఉన్నాయి. పాత వార్తాపత్రికలు తెచ్చి లైను కింద పొడవునా పరిచాను. చుక్క పడితే కాగితం మీద తెలుస్తుంది కదా. గంట తర్వాత చూస్తే ఎక్కడా తడి లేదు. మధ్యాహ్నం మళ్ళీ చూశాను. తడి లేదు. ముందు చక్రం పక్కన ఒక చోట మాత్రం కాగితం కాస్త ఉబ్బి, ముడుచుకుని ఉంది, నీళ్ళు పడి ఆరిన కాగితంలా.

మా పీఠభూమి మీద శ్రావణమాసంలో గాలి ఎలా వీస్తుందో ఇక్కడ ఉన్నవాళ్ళకు తెలుసు. మబ్బును తెచ్చినట్టే తెచ్చి మళ్ళీ ఎత్తుకుపోతుంది. తడి బట్ట చేత్తో పట్టుకుని నాలుగు మాటలు మాట్లాడేలోపు ఆరిపోతుంది. తలుపు బార్లా తీసి ఉన్న షెడ్డులో, అలాంటి గాలికి ఒక్క పెట్రోలు చుక్క కాగితం మీద ఎంతసేపు ఉంటుంది? ఆ ప్రశ్న నాకు అప్పుడే వచ్చింది. జవాబు కూడా వచ్చింది. అయినా కాగితాలన్నీ మడిచి మూలన పెట్టి, మామకు ఫోను చేయకుండా ఇంటికి పోయాను.

ఎందుకు చెప్పలేదో ఇప్పుడు రాయగలను. మే నెల నుంచి నేను ఊళ్ళో చదువుకున్నోణ్ణి. పదకొండుమందికి కబురు పోయింది. ఒకాయన కొడుకింటి నుంచి బస్సులో వచ్చి దిగాడు. ఇంకొకాయన మోకాళ్ళ నొప్పి, ఆయన ఎక్కడానికని నేనే ఇనుప మెట్లు చేసి బిగించాను. ఇప్పుడు లైను విప్పాలంటే ట్యాంకు ఖాళీ చేయాలి, పూజ ఆగుతుంది, "ఏమాయె?" అని అందరూ అడుగుతారు. అన్నిటికన్నా ముందు భాయ్ దగ్గరికి పోవాలి. ఆయన ఏమంటాడో నాకు ముందే వినపడుతోంది.

పదమూడు సాయంత్రం టార్చి వేసుకుని బండి కిందికి దూరాను. గొట్టం మీద పచ్చరంగు ఒక చోట ముడతలు పడి ఉంది. పాలు చల్లారితే మీగడ ముడుచుకున్నట్టు. వేలుతో నొక్కాను. గట్టిగా ఉండాల్సిన గొట్టం నొక్కుకుపోయింది. వేలు వాసన చూసుకున్నాను. రంగు వాసన, గ్రీజు వాసన, పెట్రోలు వాసన, మెకానిక్కు వేలికి ఎప్పుడూ ఉండే వాసనలే. ఎండకు రంగు ముడుచుకుంది అనుకున్నాను. బండి కింద ఎండ ఎక్కడ పడుతుంది?

బయటికి వచ్చేసరికి మిలిటరీ మామ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ బట్టలు చేతి మీద వేసుకుని, కొత్త బూట్లను నాడాలతో మెడకు తగిలించుకుని నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"అంతా బాగుండాది కదా అల్లుడా?"

"బాగుండాది మామా."

"ఏం చూస్తాంటివి కింద?"

"ఊరికే. క్లిప్పులు."

ఆయన బానెట్టు మీద చెయ్యి వేసి నిమిరాడు. "రాత్రి నిద్ర పడుతుందో లేదో," అని నవ్వుకుంటూ పోయాడు. ఆ రాత్రి నిద్ర పట్టనిది నాకు.

పద్నాలుగు పొద్దున తొమ్మిదింటికి బండిని షెడ్డు ముందు మైదానంలో నిలబెట్టాము. మామ, అత్త, ఆయన స్నేహితుల్లో అయిదారుగురు, చుట్టుపక్కల జనం వచ్చారు. ఆంజనేయస్వామి గుడి పూజారి పెద్ద బూడిద గుమ్మడికాయ తెచ్చాడు. మా వైపు కొత్త బండి అయినా, బాగు చేసిన బండి అయినా, మొదటి ప్రయాణానికి ముందు గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి బండి చుట్టూ మూడుసార్లు తిప్పి, ముందు పగలగొడతారు. ఆ మంట బండి నలువైపులా తిరగాలి. ఈ తంతు నేను వందసార్లు చూశాను. కొన్నిసార్లు నేనే గుమ్మడికాయ కొనిచ్చాను. దాని మీద ఉండేది నిప్పు అని ఆ రోజు వరకు నేను ఆలోచించలేదు.

వాసన రావడం లేదు. అంత గాలిలో ఏ వాసనా రాదు. నేను ఇంజను నుంచి నాలుగడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. 

పూజారి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. బానెట్టుకు పసుపు కుంకుమ పెట్టాడు. కర్పూరం వెలిగించి మొదటి చుట్టు మొదలుపెట్టాడు. రెండు అడుగులకే గాలికి ఆరిపోయింది.

"పాపిష్టి గాలి," అన్నాడు. మళ్ళీ వెలిగించాడు. మళ్ళీ ఆరింది.

"స్వామీ, బండి చాటుకు పోయి ఎలిగించు," అంది అత్త. "ఆ పక్క గాలి తగల్దు."

పూజారి బండికి రెండో పక్కకు పోయాడు. ముందు చక్రం మీది మడ్‌గార్డు చాటున, గాలి తగలని మూలలో గొంతుక్కూర్చున్నాడు. గుమ్మడికాయను కింద పెట్టి, ఈసారి కర్పూరం బిళ్ళలు నాలుగు పేర్చాడు. అగ్గిపెట్టె తీశాడు.

గాలి తగలని ఆ మూలలోనే నా గొట్టం ఉంది. ఆయన తలకు మూరెడు దూరంలో. నేను బండి ముందు నుంచి చుట్టి వచ్చి చూశాను. చక్రం పక్కన మట్టిలో అరచేయంత నల్లటి మచ్చ. పొద్దున ఆ మచ్చ లేదు. గాలి లేని చోట చుక్క ఆరలేదు. మొన్నంతా కాగితాల మీద నేను వెతికింది మట్టి మీద కనిపిస్తోంది.

"స్వామీ, ఆపు!"

ఆయన అప్పటికే పుల్ల గీశాడు. కర్పూరం అంటుకుంది. నా అరుపుకు అదిరిపడి పైకి చూశాడు కానీ లేవలేదు. నేను ఒక్క దూకులో పోయి, మండుతున్న గుమ్మడికాయను రెండు చేతులతో ఎత్తుకుని పరుగెత్తాను. చాటు దాటగానే గాలి మంటను నా మణికట్టు మీదికి కొట్టింది. వదల్లేదు. రోడ్డు పక్క దుక్కి చేలోకి పోయి, కాయను బోర్లించి మట్టిలోకి నొక్కాను. పైన ఇంకో నాలుగు దోసిళ్ళ మట్టి పోశాను.

వెనక్కి తిరిగి చూస్తే అందరూ నన్నే చూస్తున్నారు.  వెలిగించిన హారతిని ఆర్పడం మా దగ్గర చావు కబురు వినడం లాంటిది. నేను దాన్ని మట్టిలో బోర్లించాను.

ముందు అత్త గొంతు లేచింది. "ఏం పని చేస్తివిరా నువ్వు! రేపు పెండ్లాంబిడ్డలు ఉండేటోళ్ళు పదకొండుమంది ఆ బండెక్కల్ల. హారతి బోర్లిస్తివే! నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"ఎవరూ దగ్గరికి రావద్దండి," అన్నాను. గాలికి ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అరిచాను. "పెట్రోలు కారతాండాది. ఎవరూ రావద్దండి. బీడీలు ఆర్పేయండి."

పూజారి అగ్గిపెట్టెను అక్కడే పడేసి నాలుగడుగులు వెనక్కి పోయాడు. నేను ముందు ఆ అగ్గిపెట్టె తీసి దూరంగా విసిరాను. బండి కిందికి దూరి ట్యాంకు కింది కొళాయి మూశాను. 

మిలిటరీ మామ మాత్రం దూరంగా పోలేదు. బూట్లతోనే నా పక్కన మట్టిలో పడుకుని పైకి చూశాడు. నేను గొట్టం విప్పి ఆయన చేతిలో పెట్టాను. బయటికి తెచ్చి కత్తితో నిలువునా చీల్చాము. పైన పచ్చటి రంగు, దాని కింద తడిసిన నూలు, లోపల రబ్బరు అనేది లేదు. కుళ్ళిన పండు గుజ్జులా నల్లగా జారిపోతోంది. ఆయన బొటనవేలితో రాశాడు. వేలంతా నల్లనైంది.

ఎందుకు ఇప్పుడు కారిందో ఆయనకు చెప్పాను. ఇన్ని రోజులు అయిదు లీటర్లే ఉండేది, మట్టం పంపు కన్నా కిందే. ట్యాంకు నింపేసరికి మట్టం పంపు పైకి వచ్చింది. ఎత్తు ట్యాంకు కట్టించింది కూడా నేనే. ఇంజను ఆగి ఉన్నా పెట్రోలు తనంతట తానే ఈ గొట్టంలోకి దిగి కూర్చుంటోంది. ఈ రబ్బరును రెండున్నర నెలలుగా ఇప్పటి పెట్రోలు తినేసింది. భాయ్ చెప్పినా నేను వినలేదు. అన్నీ చెప్పాను. చెబుతూ ఉంటే ఇంకా చెప్పాలనిపించింది.

ఆయన అంతా విన్నాడు.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"



"మొన్న పొద్దుగాల వాసన వచ్చింది మామా."

"నిన్న సాయంత్రం నేను అడిగితి."

"అవును."

"బాగుండాది అంటివి."

"అవును."

ఆయన చీల్చిన గొట్టాన్ని నేల మీద పెట్టి, వేలిని మట్టికి రాసి తుడుచుకున్నాడు. తిడతాడని చూశాను. తిడితే బాగుండేది.

"కొండల్లో తోలేటప్పుడు, బ్రేకు మెత్తగా ఉండాది అని చెప్పినోణ్ణి ఎవురూ ఏమనరు. తెల్లారేదాకా నిలిపి బాగు చేసుకుంటారు. గట్టిగుండాది అని చెప్పి తోలినోడు ఒకడు ఉండె. వానితో పాటు ఎనక ఉన్నోళ్ళు కూడా పోయిరి." నేల మీది గొట్టాన్ని చూపించాడు. "గొట్టం చెడిపోయేది గొట్టం పని. నాకు దాని మీద కోపం లేదు."

లేచి స్నేహితుల దగ్గరికి పోయాడు. ఆయన ఏం చెప్పాడో నాకు వినపడలేదు. వాళ్ళు బండి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. మోకాళ్ళ నొప్పి ఆయన ఇనుప మెట్లను చేత్తో తట్టి పోయాడు.

అత్త మాత్రం పోలేదు. పసుపు, కొబ్బరినూనె కలిపి తెచ్చి నా మణికట్టు మీద పూసింది. "చెప్పుంటే ఏం పోయేదిరా?" అంది పూస్తూ. 

ఆ మధ్యాహ్నమే అనంతపురం పోయాను. గ్రంథాలయం ఉన్న వీధి దాటుకునే భాయ్ అంగడికి పోవాలి. తల తిప్పకుండా నడిచాను. చీల్చిన గొట్టాన్ని బల్ల మీద పెట్టాను. భాయ్ దాన్ని ఇటు అటు తిప్పి చూశాడు. వెక్కిరిస్తాడని నేను సిద్ధపడి పోయాను.

"ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

"లేదు భాయ్."

"చేతికేంది?"

"కర్పూరం."

 నల్ల గొట్టం కొలిచి కోశాడు. సొంతంగా ఇంకో రెండు క్లిప్పులు వేశాడు. డబ్బు తీసుకుంటూ అన్నాడు: "దీనికి రంగు పూయొద్దప్పా. వికారంగా ఉండాదని కప్పొద్దు. కండ్లకు కనపడనీ."

సాయంత్రానికి బిగించాను. ట్యాంకు మళ్ళీ నిండుగా నింపి, చక్రం పక్కన గాలి తగలకుండా గోనెపట్టలు కట్టి, లోపల కాగితం పరిచి మూడు గంటలు అక్కడే కూర్చున్నాను. కాగితం ఉన్నది ఉన్నట్టే ఉంది. మామను పిలిచి చూపించాను. ఆయన కూడా గంటసేపు కూర్చున్నాడు. లేచేటప్పుడు చెప్పాడు.

"మావోళ్ళు రేపు బస్సులో వస్తారు. బండి మనం తోలుకొస్తాం, నువ్వూ నేనూ."

"కారడం లేదు మామా. చూసినావు కదా."

"చూసినా. ఈసారికి ఇంతే."

ఏడాది పాటు ఆయన చెప్పుకున్న కోరిక ఆ బండి వెనక చెక్కల మీద కూర్చుని పోవడం. దాన్ని ఆయన అంత మామూలుగా వదిలేశాడు. నా మాట మీద పదకొండుమందిని ఎక్కించే ధైర్యం ఆయనకు పోయింది. అది నేను పోగొట్టాను.

పదిహేను పొద్దున ఆరింటికి బయలుదేరాము. ఆయనే తోలాడు. ఇస్త్రీ చొక్కా, ఛాతీ మీద పతకాలు. వెనక బాడీ ఖాళీగా ఉండి ప్రతి గుంతకీ చెక్కలు పెద్దగా మోగాయి. నేను కిటికీలోంచి తల బయటపెట్టి ముక్కుతో తప్ప ఇంకే ఇంద్రియంతోనూ ప్రయాణం చేయలేదు. అయిదు కిలోమీటర్లకోసారి ఆపమని అడిగాను. ఆయన ఆపాడు. దిగి, కిందికి దూరి, చూసి, వచ్చి "పొడిగా ఉండాది" అని చెప్పాను. రెండుసార్లు అలాగే జరిగింది. రెండోసారి మేము ఆగి ఉన్నప్పుడే ఆర్టీసీ బస్సు మమ్మల్ని దాటిపోయింది. కిటికీల్లోంచి ముసలి చేతులు బయటికి వచ్చి ఊగాయి. ఎవరో "సెల్యూట్!" అని అరిచారు. మామ కూర్చున్నచోటి నుంచే నుదుటికి చెయ్యి పెట్టాడు.

మూడోసారి ఆపినప్పుడు నేను తలుపు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వుండు."

ఆయనే దిగాడు. పతకాల చొక్కా విప్పి సీటు మీద పెట్టి, బనీనుతో రోడ్డు పక్క కంకర మీద పడుకుని కిందికి దూరాడు. బయటికి బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి. నేను పక్కన నిలబడ్డాను. చాలాసేపు పట్టింది. ఒక్కో బిగింపును వేలితో తడుముతున్నాడని చప్పుడును బట్టి తెలుస్తోంది. నేను చెప్పినవే ఆయన చూస్తున్నాడు. చూడనీ అనుకున్నాను. అయినా నేను రెండుసార్లు చూసి కూడా వదిలేసింది ఏదో ఆయన వేలికి తగులుతుందేమోనని ఆ బూట్ల వైపే చూస్తూ ఉన్నాను.

బయటికి వచ్చి కూర్చున్నాడు. వేళ్ళు వాసన చూసుకున్నాడు. ఆ వేళ్ళు నా ముక్కు దగ్గర పెట్టాడు.

"చెప్పు."

గ్రీజు, దుమ్ము, ఇనుము. గాలి తెరిపి ఇచ్చేదాకా ఆగి మళ్ళీ చూశాను.

"ఏమీ లేదు మామా."

"ఉంటే చెప్తావా?"

"చెప్తా."

ఆయన నా మొహం వైపు కాస్త ఎక్కువసేపే చూశాడు. తర్వాత లేవడానికి నా వైపు చెయ్యి చాచాడు. కాలిన చేతిని వదిలి రెండో చెయ్యి ఇచ్చాను. ఆయన చొక్కా దులిపి తొడుక్కుని, గుండీలు పెట్టుకుంటూ బండికి అటు పక్కకు, నా సీటు వైపు నడిచాడు.

"నువ్వు తోలు," అన్నాడు. "నాలుగు కిలోమీటర్లకు మళ్ళా ఆపు."